మీల్స్ హోటల్లో అన్నం బేసిన్ రాకముందే

అన్‌లిమిటెడ్ మీల్స్‌లో అడిగినకొద్దీ వడ్డించేది ముఖ్యంగా అన్నం. చిక్కంతా అక్కడే. కడుపు మాడుతున్న వేళ మొదటి వడ్డన విస్తట్లో గుట్టగా పడుతుంది, వెనకే కందిపొడి, నెయ్యి. పొడి ఎక్కువైతే ముద్ద దిగదు, నెయ్యి మళ్లీ వేయించుకుంటాం. ఆ గుట్ట అక్కడికే సరి. ఇక పప్పుకి మళ్లీ అన్నం, సాంబారుకి మళ్లీ, పెరుగుకి మళ్లీ. వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130 కేలరీలు. నాలుగు వడ్డనలూ కలిపి అర కిలో అయితే ఒక్క అన్నమే 650. చిన్న చెంచా నెయ్యికి ఇంకో 40, 45.

వంటకాలేవీ మానక్కర్లేదు, తినే వరుస మార్చుకుంటే చాలు. అన్నం రాకముందే కూర, పప్పు వేయించుకుని కొంత ఉత్తిగానే తినండి. "సగమే పెట్టండి" అనే మాట మొదటి వడ్డనకే చెప్పాలి, అన్నం గరిటె బోర్లించాక చెప్పి లాభం లేదు. ఆ అన్నాన్నే మూడు వాటాలు చేసుకోండి: పొడికి మూడు నాలుగు ముద్దలు, పప్పుకి పెద్ద వాటా, చివర పెరుగుకి కాస్త. రసం గ్లాసులో పోయించుకుని తాగితే ఒక వడ్డన తగ్గినట్టే. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే రక్తంలో చక్కెర కూడా ఒక్కసారిగా ఎగబాకదు. అయితే ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవారు మధ్యాహ్నం హోటల్ భోజనం ఉంది కదా అని పొద్దున టిఫిన్ ఎగ్గొట్టకూడదు. కొన్ని మందులతో షుగర్ మరీ పడిపోతుంది.

ఆవకాయ ముట్టుకోవద్దనే సలహా నాకు అస్సలు నచ్చదు. తినండి, కానీ ఊరగాయను నిలవ ఉంచేది ఉప్పేనని గుర్తుంచుకోండి. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక చిన్న చెంచా. ఊరగాయ, అప్పడం, సాంబారు, ఉప్పు మజ్జిగ అన్నీ ఒకే పూట పడితే ఆ లెక్క దాటిపోతుంది. ఆవకాయ కావాలనుకున్న రోజు అప్పడం వదిలేసి, మజ్జిగకు బదులు ఉప్పు వేయని పెరుగు తీసుకోండి.

టిఫిన్ సెంటర్లో ఇడ్లీకి తిరుగులేదు. పెసరట్టు ఇంకా మంచిది, పెసలతో ప్రొటీన్ అందుతుంది. లోపల ఉప్మా పెట్టిస్తే మాత్రం అది రెండు టిఫిన్ల లెక్క. "నూనె అసలు వద్దు" అంటే అట్టు పెనానికి అంటుకుని చిరుగుతుంది, మాస్టర్ పచ్చిగానే తీసేస్తాడు. "అర చెంచా వేసి బాగా కాల్చండి" అనండి. పూరీ, పునుగులు, మైసూర్ బజ్జీ తినాలనిపిస్తే ముందు మూకుడు వైపు ఓ చూపు వేయండి. నూనె నల్లబడి, నురగ కడుతూ, పొగలు కక్కుతుంటే అక్కడ వేపుళ్లు వద్దు. పదే పదే కాగిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె చెడినకొద్దీ పుట్టేవి) పేరుకుంటాయి, అవి 25 శాతం మించితే ఆ నూనె వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. నూనె చాలినంత కాగకపోయినా తంటానే: పిండి పైన పొర గట్టిపడేలోపే నూనె పీల్చేస్తుంది. అలాంటి పునుగు తుంచితే వేళ్లు జిడ్డవుతాయి.

బిర్యానీకి ఒక్కటే చెబుతాను. ప్లేటు రాగానే, తినడం మొదలుపెట్టకముందే సగం పార్సిల్ కట్టించేయండి. ముక్కలు, రైతా, ఉల్లిపాయ మీ ముందుంచుకోండి, కూల్‌డ్రింక్ వద్దనండి. 250 మి.లీ. కోలాలో పాతిక గ్రాములకు పైనే పంచదార ఉంటుంది. ఆ పార్సిల్ రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. గది వేడిలో వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. మర్నాడు ఎంత మరిగించినా ఆ విషం పోదు.