క్యాంటీన్ నడవాలో ముప్పై నాలుగు పేర్లు

మా ఫ్యాక్టరీ పాత భవనాన్ని కూల్చేస్తారని నోటీసు పెట్టిన రోజున నాకు మొదట గుర్తొచ్చింది క్యాంటీన్‌కు వెళ్ళే నడవాలో ఉన్న ఇత్తడి పలక. లివర్‌పూల్‌కు ఎదురుగా, మెర్సీ నదికి ఈవల, విరల్ అనే ప్రాంతంలో ఉంటుంది మా ఫ్యాక్టరీ. మెయింటెనెన్స్‌లో చేరిన రోజు నుంచీ ఆ పలక పక్కనుంచే టీకి వెళ్తున్నాను. 1914–1919 అని పైన అంకెలు, కింద ముప్పై నాలుగు పేర్లు, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి పోయిన మా ఫ్యాక్టరీవాళ్ళవి. ఇంటిపేరు, దాని ముందు ఒకటో రెండో పొడి అక్షరాలు, అంతే. హోదా లేదు, రెజిమెంటు లేదు, ఫ్యాక్టరీలో ఏ విభాగంలో పనిచేశాడో లేదు.

మా నాన్న గాజువాక దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. గేటు దగ్గర ఆయన పేరుతో పని లేదు, టోకెన్ నంబరు చెబితే చాలు. ఈ ముప్పై నలుగురికీ ఇక్కడ ఒక టోకెన్ నంబరు, సైన్యంలో ఇంకో నంబరు ఉండేవి. పేరుపెట్టి రాసింది మాత్రం తోటి పనివాళ్ళు తలా కొంత వేసుకుని చేయించిన ఈ పలక మీదే. దాన్ని ఇటుక ముక్కలతో పాటు లారీకెత్తిస్తే చూస్తూ ఊరుకోలేననిపించింది.

ఆ పలక ఎవరిదని ఆఫీసులో అడిగితే భవనాల విభాగాన్ని అడగమన్నారు. వాళ్ళు కాంట్రాక్టరును అడగమన్నారు. కాంట్రాక్టరు తన కాగితాల్లో అది లేదన్నాడు. అలా నెల గడిచిపోయింది. బ్రిటన్‌లో వీధి కూడళ్ళలో కనిపించే యుద్ధ స్మారకాల్లో ఎన్నో రక్షిత కట్టడాల జాబితాలో ఉంటాయి. భవనం లోపల గోడకు బిగించిన పలక సంగతి వేరు. ఆ భవనం జాబితాలో ఉంటేనే పలకకూ రక్షణ. మాది లేదు. అంటే చట్టం వైపు నుంచి మాకు ఏ అండా లేదు.

దారి చూపించింది ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళు నడిపే యుద్ధ స్మారకాల రిజిస్టరు. దేశంలో ఉన్న స్మారకాలన్నిటినీ, ఊరి మధ్య శిలువ నుంచి బడి గోడ మీది చెక్క వరకు, అందులో నమోదు చేస్తారు. మా పలక అందులో లేదు. కొలతలు తీసుకుని, నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ ఉన్నదున్నట్టు రాసి పంపాను. కొన్ని వారాలకు దానికొక నంబరు వచ్చింది. ఆ నంబరున్న కాగితం పట్టుకెళ్ళాక మా మేనేజరు మాట్లాడే తీరే మారింది. ఎవరిదో తెలియని ఇత్తడి ముక్క కాస్తా రికార్డుల్లో ఉన్న స్మారకం అయింది. మీ ఆఫీసులోనో మిల్లులోనో ఇలాంటిది ఉంటే ముందు ఈ పని చేయండి, వాదనలు తర్వాత.

ఆ తర్వాత ఇలాంటి స్మారకాలను కాపాడుకోవడానికి సలహాలిచ్చే వార్ మెమోరియల్స్ ట్రస్టుకు రాశాను. అప్పటికి నేనొక తప్పు చేయబోతున్నాను. పలక నల్లబడిందని, మా ఇంట్లో ఇత్తడి బిందెల్ని చింతపండుతో తోమినట్టు, పాలిష్ పెట్టి మెరిపిద్దామనుకున్నాను. వద్దని చెప్పారు. పాలిష్ పెట్టిన ప్రతిసారీ లోహం కొద్దికొద్దిగా అరుగుతుంది. వందేళ్ళు తోమిన పలకల మీద వేలితో తడిమినా అక్షరం తెలియదు. కొత్త చోటు ఏదో రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే పాతచోటి నుంచి తీయమన్నారు. ఈ రెండో సలహా వల్లే పలక దక్కింది. తీసి స్టోర్‌రూములో పెడదాం, తర్వాత చూద్దామని మావాళ్ళు అంటూనే ఉన్నారు. స్టోర్‌రూములో పెట్టినది మళ్ళీ ఎప్పుడు బయటికొస్తుందో ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్ళెవరికైనా తెలుసు.

ఈ లోపల ఒక ఆదివారం పోర్ట్ సన్‌లైట్‌కు వెళ్ళాను. సబ్బుల కంపెనీ లీవర్ బ్రదర్స్ తన కార్మికుల కోసం కట్టిన ఊరు అది. ఆ ఊరి నడిబొడ్డున పెద్ద రాతి శిలువ, దాని చుట్టూ కంచు బొమ్మలు. శిల్పి గాస్కోంబ్ జాన్. అక్కడ సైనికులతో పాటు ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. సొంత ఇంటిని కాపాడుకోవడమే ఆ శిల్పం చెప్పే విషయం. నన్ను చాలాసేపు అక్కడ నిలబెట్టింది మాత్రం దాన్ని ఆవిష్కరించిన మనిషి సంగతి. 1921 డిసెంబరులో ఆ పని చేసింది రాజవంశీకుడు కాదు, సేనాధిపతి కాదు. ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సార్జెంట్ ఈమ్స్. ఆ కంపెనీలోనే పనిచేసినవాడు. ఆయన్ను ఓటు వేసి ఎన్నుకున్నది కూడా కార్మికులే. తాను ఆవిష్కరించిన శిల్పాన్ని ఆయన చూడలేడు. తోటివాళ్ళ పేర్లు అక్కడున్నాయని తెలుసు.

ఇంటికొచ్చాక పలక మీది పేర్లను విడిచిపెట్టబుద్ధి కాలేదు. అమ్మ ఫోనులో అడిగింది: "వాళ్ళు నీకేమవుతార్రా?" "ఒకే ఫ్యాక్టరీవాళ్ళం అమ్మా" అన్నాను. "అయితే చెయ్యి మరి" అంది.

కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటన్, దాని సామ్రాజ్యం తరఫున పోయినవాళ్ళ పేర్లు పదిహేడు లక్షలున్నాయి. మాది వేల్స్ పక్కనే. పలక మీద అక్కడ ఇంటింటా ఉండే విలియమ్సులు, జోన్సులు ఉన్నారు. ఒక అక్షరమూ ఇంటిపేరూ కొడితే వందల మంది వస్తారు. సైనికుల సర్వీసు ఫైళ్ళు చూద్దామంటే 1940 సెప్టెంబరులో లండన్ మీద పడ్డ బాంబులకు సగానికి పైగా కాలిపోయాయి. మిగిలినవాటిని కాలిన కాగితాలనే పిలుస్తారు. అంచులు మాడి, నీళ్ళకు తడిసి, మధ్యలో ఒక సంతకం.

అందుకని తలుపులు వేరేచోట వెతుక్కోవాలి. 1911 జనాభా లెక్కల పత్రం ఇంటి పెద్ద తన చేత్తో నింపింది. అందులో కొడుకు ఏ పని చేస్తాడో ఉంటుంది. చనిపోయిన సైనికుడికి రావలసిన జీతం బకాయి ఎవరికి ఇచ్చారో చెప్పే లెడ్జర్లున్నాయి. తల్లి పేరో భార్య పేరో అక్కడ దొరుకుతుంది. గ్రాట్యుటీ మొత్తాన్ని బట్టి ఎన్ని నెలలు పనిచేశాడో లెక్కకట్టవచ్చు. బర్కెన్‌హెడ్‌లో మైక్రోఫిల్ముల ముందు శనివారాలు కూర్చుంటే ఆనాటి స్థానిక పత్రికల్లో చిన్న చిన్న ఫోటోలు, కింద ఫలానా ఫ్యాక్టరీలో పనిచేసేవాడు అని రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలు దొరికిన రోజు నాకు పండగ.

పలకలో ఏడుగురు 13వ చెషైర్ బెటాలియన్ వాళ్ళు. 1914 సెప్టెంబరులో ఈ విరల్‌లోనే, పోర్ట్ సన్‌లైట్‌లో పుట్టిన బెటాలియన్ అది. ఏడుగురిలో నలుగురు 1916 జులై 7న సోమ్‌లో ఓవియేర్ దగ్గర ఒక్కరోజే పోయారు. వాళ్ళకు సమాధులు లేవు. సమాధి ఎక్కడో తెలియని డెబ్బై రెండు వేల మందికి పైగా పేర్లు చెక్కిన తియెప్వాల్ కట్టడం మీద ఉన్నారు. ఒకే ఫ్యాక్టరీకి నాలుగు చావు కబుర్లు అందిన రోజులు ఎలా ఉండి ఉంటాయో ఇప్పటికీ ఊహించడానికి ప్రయత్నిస్తుంటాను.

పదకొండో పేరు దగ్గర కమిషన్ జాబితా స్మారకం ఉన్న చోటు చెన్నై అని చూపించింది. మొదట పొరపాటనుకున్నాను. కాదు. మన దేశంలో కంటోన్మెంట్లలోనూ ఊళ్ళలోనూ ఉన్న రకరకాల శ్మశానాల్లో పూడ్చిపెట్టి, సమాధులను ఎప్పటికీ చూసుకునే వీలులేని వెయ్యి మందికి పైగా సైనికుల పేర్లు నందంబాక్కంలోని మద్రాసు యుద్ధ శ్మశానంలో వెనకవైపు గోడ మీద ఉన్నాయి. చెన్నైలో ఉండే మా బాబాయికి చెప్పాను. ఎండలో వెళ్ళి, పేరు వెతికి, ఫోటో తీసి పంపాడు. గోడ కింద రెండు నందివర్ధనం పువ్వులు పెట్టాడు, నేను అడగకుండానే. ఆ అబ్బాయి తల్లి ఇల్లు మా ఫ్యాక్టరీకి రెండు వీధుల అవతల ఉండేది.

ముప్పై ఒక్కరు తేలారు. ఇద్దరు తేలలేదు. మిగిలిన ఒక్కరి సంగతి వేరు. ఇరవై ఆరో పేరు. పత్రికలో దొరికాడు, పెన్షన్ కార్డు దొరికింది, కమిషన్ జాబితాలో మాత్రం లేడు. ఊపిరితిత్తుల జబ్బుతో 1917లో సైన్యం నుంచి పంపించేశారు, 1919లో ఇంట్లో చనిపోయాడు. 1921 ఆగస్టు 31 లోపు చనిపోయినవాళ్ళు జాబితాకు అర్హులే. అయితే సైన్యం నుంచి ముందే బయటికి వచ్చినవాడి విషయంలో ఆ చావు యుద్ధసేవ వల్లే వచ్చిందని కాగితం మీద రుజువు కావాలి. అతని కాగితం ఎవరూ పంపినట్టు లేదు. ఫ్యాక్టరీవాళ్ళు మాత్రం ఏ రుజువూ అడగలేదు. దగ్గుతూ తిరిగొచ్చినవాణ్ణి రోజూ చూసినవాళ్ళు కదా, పలక చేయించేటప్పుడు మిగతావాళ్ళ మధ్యలోనే చెక్కించారు.

మరణ ధ్రువపత్రం తెప్పించాను. దాన్నీ, పెన్షన్ కార్డు నకలునూ, మా పలక ఫోటోనూ కలిపి కమిషన్‌కు పంపాను. ఇలాంటి కేసులు పరిశీలనకు చాలా కాలం పడుతుందని ముందే చెప్పారు. ఇంకా జవాబు రాలేదు.

పలక ఇప్పుడు కొత్త భవనంలో, క్యాంటీన్ తలుపు పక్కనే, చూపు ఎత్తున ఉంది. నిపుణుడొచ్చి తుప్పుపట్టిన స్క్రూలు ఒక్కొక్కటే తీశాడు, పూట పట్టింది. నవంబరు 11న పదకొండింటికి రెండు నిమిషాలు మెషీన్లు ఆపాం. ప్యాకింగ్‌లో చేసే ఒక పోలండ్ అబ్బాయి తర్వాత నా దగ్గరకొచ్చి ఇరవై ఆరో పేరు మీద వేలు పెట్టి, "జవాబు వస్తే నాకూ చెప్పు" అన్నాడు.