సెకండ్ హ్యాండ్ కారు: ముందు కాగితాలు, తర్వాత కార్పెట్ కింద, ఆఖర్న ఇంజిన్

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లేవాళ్లు వెంట ఒక మెకానిక్‌ని తీసుకెళ్తారు. మంచి పనే. కాగితాల సంగతి మాత్రం ధర తెగి, అడ్వాన్స్ చేతులు మారాక చూస్తారు. నా లెక్కలో ఈ వరస తలకిందులుగా ఉండాలి. ఇంజిన్‌లో ఏం పోయినా దానికో రేటు ఉంటుంది, ఆ మేరకు తగ్గించి అడగొచ్చు. తీరని లోన్ ఆర్‌సీ మీద ఉండిపోయిన బండికి, ముగ్గురి చేతులు మారినా మొదటి ఓనర్ పేరు మీదే తిరుగుతున్న బండికి ఏ మెకానిక్కూ రేటు కట్టలేడు. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా వద్దనే చెప్తాను.

ఇంట్లో కూర్చునే సగం పని అయిపోతుంది. బండి నంబర్ అడిగి తీసుకుని ప్రభుత్వ ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టండి. తయారైన నెల, ఏడాది, ఇంధనం, పొగ కాలుష్య ప్రమాణాల్లో బీఎస్4 బండా బీఎస్6 బండా, ఎన్నో ఓనరు, లోన్ ఇచ్చిన బ్యాంకు, ఇన్సూరెన్స్ గడువు, పొల్యూషన్ గడువు కనిపిస్తాయి. ఓనర్ పేరు పూర్తిగా చూపించదు కాబట్టి అసలు ఆర్‌సీ, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడాలి. '2019 మోడల్' అని ప్రకటనలో ఉంటుంది, తీరా చూస్తే తయారైంది 2018లో, రిజిస్టర్ అయింది 2019లో. ధర తయారైన ఏడాదిని బట్టే మాట్లాడాలి. పెండింగ్ చలాన్లు కూడా అప్పుడే చూసి, అమ్మేవాళ్ల చేతే కట్టించండి. బండి దగ్గరికి వెళ్లాక ఛాసిస్ మీద చెక్కిన నంబర్‌ని ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఆ చోట కొత్త పెయింటో, గ్రైండింగ్ గీతలో కనిపిస్తే ఇక మాట్లాడేదేం లేదు, వెనక్కి వచ్చేయండి.

లోన్ తీరిపోయిందని నోటి మాటగా చెప్పడం మామూలే. నిజంగా తీరి ఉండొచ్చు కూడా. అయినా ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) కొట్టేయించకపోతే పేరు మారదు. దానికి బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), బ్యాంకు సంతకంతో ఫారం 35 కావాలి. బ్యాంకు ఎన్‌ఓసీకి గడువు ఉంటుంది, పాతదైతే మళ్లీ తెచ్చుకోవాల్సిందే. ఈ పని అమ్మేవాళ్లు పూర్తి చేశాకే మిగతా డబ్బు. ఓనర్ చనిపోయిన బండి అయితే ఫారం 31తో ముందు వారసుల పేరు మీదికి మారాలి. కొడుకు సంతకం పెట్టి ఇచ్చేస్తానంటే, మిగతా వారసుల సంగతేమిటో కనుక్కోకుండా ముందుకెళ్లొద్దు.

ఇక బయటి రాష్ట్రం బండ్లు. ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఏళ్ల తరబడి నడిచిన ఆంక్షల వల్ల అక్కడి పెద్ద డీజిల్ కార్లు చవగ్గా ఇటు వస్తుంటాయి. ధర చూసి కళ్లు చెదిరినా లెక్క పూర్తిగా వేయండి. అక్కడి ఆర్‌టీవో ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి. ఇక్కడికి తెచ్చాక 12 నెలల లోపు ఫారం 27తో కొత్త నంబర్ తీసుకోవాలి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ ట్యాక్స్ ఎంతో ఆర్‌టీఏ ఆఫీసులో ముందే అడిగి, ధరకు కలిపాక కూడా చవక అనిపిస్తేనే ఆలోచించండి. 'ఎన్‌ఓసీ నెలలో వచ్చేస్తుంది, ఈలోగా బండి వాడుకోండి' అనే మాటకు డబ్బులివ్వకండి. తెలంగాణ, ఆంధ్ర మధ్య కూడా ఇదే పద్ధతి. అయితే విభజనకు ముందు రంగారెడ్డి జిల్లాలో రిజిస్టర్ అయిన ఏపీ 28 నంబర్ తెలంగాణ బండే, దానికి ఎన్‌ఓసీ గొడవ లేదు.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది వరదలో మునిగిన కార్లకి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సెల్లార్లలో, రోడ్ల మీద ఎన్ని కార్లు నీళ్లలో ఉన్నాయో అందరం చూశాం. వాటిలో కొన్ని కడిగి, ఆరబెట్టి, సీట్ కవర్లు మార్చి మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. పైకి మెరుస్తూనే ఉంటాయి. కానీ చాలా మోడళ్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సీట్ల మధ్య, ఫ్లోర్ మీదే ఉంటుంది, వైరింగ్ కార్పెట్ కిందగా వెళ్తుంది. నీళ్లు తగిలిన కనెక్టర్లకు పచ్చగా చిలుము పడుతుంది. అది వెంటనే బయటపడదు. ఆర్నెల్ల తర్వాత పవర్ విండో ఆగిపోతుంది, ఆ తర్వాత బ్రేకులకు సంబంధించిన ఏబీఎస్ లైటు వెలుగుతుంది, ఒకరోజు బండి అసలు స్టార్ట్ అవదు. ఏ వైరు ఎక్కడ కుళ్లిందో వెతకడానికే వేలు ఖర్చవుతాయి.

పట్టుకునే పద్ధతి ఇది. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగండి. రోజూ వాడేటప్పుడు బయటికి రాని ఆఖరి అడుగు మీద బురద చార, మరక ఉంటే నీళ్లు అంతవరకూ వచ్చినట్టే. తలుపు దగ్గర గడప మీది ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ అంచు ఎత్తండి, కింద ఫోమ్‌ని టిష్యూ పేపర్‌తో గట్టిగా అదమండి. తడి, మట్టి రంగు, ముక్కిపోయిన వాసన ఏదొచ్చినా అనుమానించాల్సిందే. సీటును పూర్తిగా వెనక్కి జరిపి రైలు బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద ఇనుప క్లాంపులు టార్చి వేసి చూడండి. అవి వాన తడిసే చోట్లు కావు, అక్కడ తుప్పుకి వేరే కారణం వెతకాలి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత మూలల్లో సన్నని ఒండ్రు ఉందేమో వేలితో తడమండి. అయిదారేళ్ల బండిలో కార్పెట్ మాత్రం సరికొత్తది, పైగా ఘాటైన సెంటు వాసన ఉంటే ఈ పరీక్షలన్నీ రెండోసారి చేయండి.

ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒక సాక్షి. ఏటా ఆపకుండా కట్టిన పాలసీకి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోవాలి. ఆరేళ్ల బండికి బోనస్ సున్నా ఉందంటే ఈ మధ్య క్లెయిమ్ అయినా చేసి ఉండాలి, పాలసీ తెగిపోయి అయినా ఉండాలి, ఓనర్ మారి అయినా ఉండాలి. మూడిట్లో ఏదో అడగండి. పాత పాలసీ కాపీలు చూపించడానికి వెనకాడే ఓనర్ దగ్గర నేనైతే ఆగను.

యాక్సిడెంట్ బండిని బోల్టులు పట్టిస్తాయి. బానెట్ కీళ్ల దగ్గర, ముందు ఫెండర్ మీద బోల్టు తలలకు కంపెనీ పెయింట్ చెక్కుచెదరకుండా ఉండాలి. స్పానర్ పట్టిన గీత ఉంటే ఆ భాగం ఊడదీశారన్నమాట. ఊడదీయడం తప్పు కాదు, చిన్న సొట్టకి కూడా ఫెండర్ మారుస్తారు. బానెట్ లోపల పక్కలనుండే ఇనుప రేకు (ఆప్రాన్), పైకప్పును మోసే పిల్లర్ల మీద చూడండి: కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో వరసగా ఉంటాయి, షెడ్డులో చేసింది గరుకుగా గీతలా ఉంటుంది. పిల్లర్ మీద అలాంటి గీత కనపడితే ఆ బండి వద్దు. అద్దాల మూలన ముద్రించిన తయారీ గుర్తులు కూడా పోల్చండి, నాలుగూ ఒకటై ఒకటి వేరైతే అటు వైపు ఏదో జరిగింది.

మీటర్ వెనక్కి తిప్పడం ఇంకా ఆగలేదు. కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డులో ప్రతి సర్వీసుకీ కిలోమీటర్లు రాసి ఉంటాయి, ఓనర్‌నే అడిగి తెప్పించుకోండి. టైరు మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైంది. బండి 2018ది, మీటర్ 28 వేలు, టైర్లు మాత్రం మూడేళ్ల తర్వాతివి అయితే అంత తక్కువ తిరిగిన బండికి టైర్లు ఎందుకు మార్చారో చెప్పమనండి. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే 28 వేలు అన్నది నమ్మే మాట కాదు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పండి. నీలం పొగ ఆయిల్ కాలుతున్నట్టు. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే, ఆయిల్ మూత లోపల మీగడలాంటిది పేరుకుంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుండొచ్చు, అది హెడ్ గాస్కెట్ ఖర్చు. క్లచ్ చూడాలంటే హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి, ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. ఒక్కసారి చేస్తే చాలు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో కావాలని తీసేసి ఉంటారు.

బీఎస్6 డీజిల్ గురించి ఒక మాట. సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది, అందులో పేరుకున్న మసి కాలాలంటే బండి తరచూ హైవే మీద కాసేపు పరిగెత్తాలి. రోజూ ఆఫీసుకి అయిదారు కిలోమీటర్లు వెళ్లేవాళ్లకు అది పూడుకుపోతుంది. సిటీలో వాడుకకు పెట్రోలే తీసుకోండి.

ధర దగ్గర ముందుగా చూడాల్సింది ఈరోజు అదే మోడల్ కొత్తది ఎంత అని. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అమ్మేవాళ్లు అప్పుడు కొన్న రేటునే చెప్తుంటారు, మీరు ఇప్పటి రేటు నుంచి లెక్క మొదలుపెట్టండి. పాలసీలో రాసిన ఐడీవీ (ఇన్సూరెన్స్ కంపెనీ బండికి కట్టిన విలువ) ఇంకో ఆధారం. అందులోంచి టైర్లు, బ్యాటరీ, మెకానిక్ చెప్పిన రిపేర్లు తీసేసి మాట్లాడండి. చేతిలో ఉన్న డబ్బంతా బండికే పెట్టకుండా పదిహేను శాతమైనా మొదటి ఏడాది పనులకు ఉంచుకోవాలి. లోన్ తీసుకుంటే కాలం తగ్గించండి: 13 శాతం వడ్డీకి 5 లక్షలు అయిదేళ్లకైతే ఈఎంఐ సుమారు 11,380, మొత్తం వడ్డీ 1.82 లక్షలు దాటుతుంది. మూడేళ్లకైతే ఈఎంఐ సుమారు 16,850, వడ్డీ 1.07 లక్షల లోపే.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు, తేదీతో పాటు టైము కూడా రాసిన డెలివరీ నోట్ ఇద్దరి దగ్గరా ఉండాలి, చలాన్ ఎవరిదనే తగువు వచ్చినప్పుడు ఆ టైమే తేలుస్తుంది. అమ్మేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే యాక్సిడెంట్ పరిహారం విషయంలో వాళ్లే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వొద్దు. డీలర్‌కి ఇస్తుంటే ఆర్‌టీఏ ఇచ్చిన అధికార పత్రం ఉందో లేదో చూసి, బండి డీలర్‌కి అప్పగించినట్టు తెలిపే ఫారం 29సీ ఆన్‌లైన్‌లో నమోదు చేయించండి.

కొన్నవాళ్లు 14 రోజుల లోపు ఇన్సూరెన్స్ తమ పేరు మీదికి మార్చుకోవాలి, లేదంటే సొంత బండి డ్యామేజీ క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది. నో క్లెయిమ్ బోనస్ మాత్రం పాత ఓనర్‌దే, ఆ తేడా మీరే కట్టాలి. అమ్మినవాళ్లు బోనస్ సర్టిఫికెట్ తీసుకుని తమ తర్వాతి కారుకి వాడుకోవచ్చు, ఫాస్టాగ్ అదే రోజు మూసేయించాలి. ట్రాన్స్‌ఫర్‌కి దరఖాస్తు పెట్టిన రెండు మూడు వారాల తర్వాత యాప్‌లో నంబర్ మళ్లీ కొట్టి చూడండి, ఓనర్ వరస సంఖ్య మారకపోతే అప్లికేషన్ నంబర్ పట్టుకుని ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్లండి.