చేపకు దొరికిన జాగా

“చేపనేమో వేరే నీళ్లల్ల పెట్టినవ్. నన్నేమో సర్దుకొమ్మన్నవ్.”

మా బిడ్డ ఈ మాట అన్నప్పుడు గొంతులో కోపం లేదు. హన్మకొండలో మా అన్నవాళ్ల హాల్లో, అక్వేరియం అద్దానికి నుదురు ఆనించి, చేపల్ని చూస్తూనే అన్నది. పదకొండేళ్ల పిల్ల. ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాటకు జవాబు వెతుక్కుంటూనే ఇది రాస్తున్నాను. ముందు చేప సంగతి చెప్తాను. దాని గురించి నాకు కొంత తెలుసు, కాబట్టి అక్కడిదాకా ధైర్యంగా చెప్పగలను.

ఆ అక్వేరియం మా అన్న కొడుకుది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా నింపినా 56 లీటర్ల నీళ్లే పడతాయి. అందులో ఒక కామెట్, రెండు బ్లాక్ మూర్లు, పాచి తింటుందని దుకాణంలో అంటగట్టిన ఒక సక్కర్. కామెట్ సన్నగా, పొడవాటి ఒంటి తోకతో ఉంటుంది, చాలా వేగంగా ఈదుతుంది. బ్లాక్ మూర్ గుండ్రటి ఒళ్లు, జంట తోక, బయటికి పొడుచుకొచ్చిన కళ్లు. ఆ కళ్లకు చూపు సరిగా ఆనదు, ఆ తోకతో తొందరగా కదల్లేదు. రెండూ గోల్డ్‌ఫిష్‌లే. కానీ మూర్ మేత చూసి అందుకునేలోపు కామెట్ తినేసి వెళ్లిపోతుంది.

మేం జూన్‌లో అమెరికా నుంచి వెళ్లేసరికే కామెట్ చిన్న మూర్‌ని తరుముతోంది. వెనక నుంచి వచ్చి మూతితో పొట్ట కింద పొడుస్తుంది. మూర్ పారిపోయి ఫిల్టర్ పైపుకూ అద్దానికీ మధ్య దూరుతుంది, కామెట్ అక్కడే కాచుకొని ఉంటుంది. మూర్ పక్క మీద ఒక పొలుసు ఊడి, ఆ చోట లేత రంగు కనబడుతోంది. తోక అంచు చీలికలైంది. ఇంట్లో ఎవరూ గమనించలేదు. “గది ఒట్టిగ ఆడుకుంటాంది బాబాయ్” అన్నాడు అన్న కొడుకు. మా బిడ్డ గమనించింది, ఎందుకంటే ఆ పిల్ల సాయంత్రాలు మిద్దె మీదికి ఆడటానికి పోవడం మానేసి హాల్లోనే కూర్చుంటోంది. ఎందుకు మానేసిందో తర్వాత చెప్తాను.

గోల్డ్‌ఫిష్ పుట్టుకతో కొట్లాడే చేప కాదు. తన హద్దులు గీసుకొని కాపలా కాసే గుణం దానికి లేదు. నోట్లో పళ్లు కూడా ఉండవు, గొంతులో మాత్రమే ఉంటాయి. అది తరుముతోందంటే ఏదో కారణం ఉంటుంది: జాగా చాలకపోవడం, మేతకు పోటీ, నీళ్లు చెడిపోవడం, పక్క చేప జబ్బుపడి బలహీనపడటం, లేదంటే గుడ్లు పెట్టించే కాలం. మా కామెట్ మొప్పల మూతల మీద, రెక్కల ముందంచున ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలున్నాయి. మా బిడ్డ జబ్బనుకొని భయపడ్డది. ఒళ్లంతా చెల్లాచెదురుగా చుక్కలుంటే తెల్లమచ్చల జబ్బని అనుమానించాలి. మొప్పల మీద, రెక్కల అంచున మాత్రమే వరుసగా ఉంటే అది మగ చేప, జత కోసం చూస్తోందని గుర్తు. నీళ్లు మార్చిన మర్నాడు తరమడం ఎక్కువవుతుందని తనే కనిపెట్టి చెప్పింది. అదీ సరిపోయింది, చల్లటి కొత్త నీళ్లు తగిలితే వాటికి ఆ పని గుర్తొస్తుంది.

అట్లాగని కాలాన్నే నిందించి ఊరుకుంటే కుదరదు. పెద్ద కుంటలో ఉంటే తప్పించుకోవడానికి ఆడ చేపకు చోటుంటుంది, 56 లీటర్లలో ఉండదు. గుండ్రటి రకం గోల్డ్‌ఫిష్‌కి సాధారణంగా చెప్పే లెక్క మొదటి చేపకు 75 లీటర్లు, ఆపైన ఒక్కోదానికి మరో 40. కామెట్‌కు అదీ చాలదు, అడుగు దాకా పెరిగే చేప అది. పైగా ఎండ. ఆ హాల్లో నీళ్లు 31 డిగ్రీలు చూపించాయి. గోల్డ్‌ఫిష్‌కు 18 నుంచి 23 దాకా హాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటే, 30 దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. వేడికి చేపల ఆకలీ పెంటా పెరుగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది. పరీక్ష కిట్‌తో చూస్తే నీళ్లలో అమ్మోనియా, అంటే చేపల పెంట నుంచి పుట్టే విషం, ఉంది. అది సున్నా ఉండాలి, దాన్నుంచి పుట్టే నైట్రైట్ కూడా సున్నా ఉండాలి. పిల్లవాడు శుభ్రంగా ఉంచాలని ఆశపడి ప్రతిసారీ నీళ్లన్నీ పారబోసి, ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద రుద్ది కడిగేవాడు. అమ్మోనియాను విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉండేది ఆ స్పాంజిలోనే, నల్లా నీళ్ల క్లోరిన్‌కు అది చచ్చిపోతుంది. వారానికి పావు వంతు నీళ్లు మార్చి, యాంటీ క్లోరిన్ వేసి, స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండితే చాలు. ఇది చెప్తే వాడు బుద్ధిగా విన్నాడు. మంచి పిల్లవాడు వాడు. ఈ మాట ఇక్కడే రాసిపెడుతున్నాను, ముందు ముందు రాసేది చదివి ఎవరూ వాణ్ని తప్పుపట్టొద్దు.

తోడు చేపల విషయంలో దుకాణాల వాళ్ల మాట నమ్మొద్దు. “అన్నీ కలిసుంటయి సార్” అంటారు. టైగర్ బార్బ్ తోకలు కొరుకుతుంది. ఏంజెల్‌కు వేడి నీళ్లు కావాలి, రెక్కలు కూడా పీకుతుంది. గప్పీలు, నియాన్ టెట్రాలు నోట్లో పట్టేంత చిన్నవి, గోల్డ్‌ఫిష్ వాటిని మింగేస్తుంది. సక్కర్ అన్నింటికన్నా ప్రమాదం. రాత్రి పూట నెమ్మది చేపల పక్కలకు అంటుకొని ఒంటి మీది జిగురు పొరను పీల్చేస్తుంది, అడుగుకు పైగా పెరుగుతుంది. ఇట్లా ఇళ్లలోంచి బయటపడినవే ఇప్పుడు మన నదుల్లో, చెరువుల్లో దెయ్యం చేపలై వలలు చించుతున్నాయి. రోజీ బార్బ్ మన దేశపు చేపే, చల్లదనానికి ఓర్చుకుంటుంది, కామెట్ దగ్గర గుంపుగా ఉంచితే పర్వాలేదు, కానీ మూర్ల తోకల్ని వదలదు. గోల్డ్‌ఫిష్‌కు మంచి తోడు గోల్డ్‌ఫిషే. అదీ ఒకే ఒడ్డూ పొడుగూ, ఒకే వేగం ఉన్నది. ఒంటి తోకవి ఒకచోట, గుండ్రటివి ఒకచోట. ఏ కొత్త చేపనైనా రెండు నుంచి నాలుగు వారాలు విడిగా ఉంచి, జబ్బు లేదని తేలాకే కలపాలి.

మేం మొదట చేసింది కూరగాయల ప్లాస్టిక్ జాలీ కోసి ట్యాంకు మధ్యలో అడ్డం పెట్టడం. మేత రెండు చివర్లా వేశాం, మూర్లకు కింద మునిగే గింజలు, పొట్టు తీసి ఉడికించిన బఠానీ. మూర్ తోక మానడం మొదలైంది. కానీ సగం ట్యాంకులో కామెట్ అద్దం నుంచి జాలీకి, జాలీ నుంచి అద్దానికి తిరుగుతూనే ఉంది.

“గా చేపను భద్రకాళి చెర్ల ఇడ్సిపెట్టున్రి బిడ్డా, పుణ్యం సుత వస్తది” అన్నది అమ్మ. ఆమె మంచి మనసుతోనే అన్నది. మా బిడ్డ ససేమిరా అన్నది. మేముండే మిన్నెసోటాలో, బర్న్స్‌విల్ అనే ఊళ్లో 2021 జూలైలో కెల్లర్ సరస్సులోంచి బాగా పెరిగిపోయిన గోల్డ్‌ఫిష్‌లను పట్టారు. పెంపుడు చేపల్ని నీళ్లలో వదలొద్దని ఊరి అధికారులు జనాన్ని కోరారు. వదిలిన చేప అడుగు బురదను తవ్వి, మొక్కల్ని పీకి, నీళ్లను మురికి చేస్తుంది. అక్కడ చలికాలం సరస్సు గడ్డకట్టి కింద ఆక్సిజన్ లేకపోయినా అది బతకగలదు. ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల గుండా బయటికి పంపేస్తుంది. బిడ్డ ఇదంతా వాళ్ల నాయనమ్మకు తనకొచ్చిన తెలుగులో చెప్పింది. “మరి చెర్ల కొర్రమట్ట దీన్ని తింటే?” అని అమ్మ అడిగితే, “అప్పుడు పుణ్యం ఎట్లొస్తది నాయనమ్మా?” అన్నది. అమ్మ ఇంకేం మాట్లాడలేదు.

దారి చూపింది బాపు. ఇంటి వెనక వేపచెట్టు కింద ఎప్పుడో బర్లకు నీళ్లు పోసిన సిమెంటు గోలెం ఉంది. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, లెక్కేస్తే దాదాపు 300 లీటర్లు. కొత్త సిమెంటైతే సున్నం ఊరి నీళ్ల గుణం మారిపోతుంది, చేప చచ్చిపోతుంది. వారాల తరబడి నీళ్లు నింపి పారబోయాలి. ఇది ఏళ్లుగా నానిన గోలెం. బాపు దాన్ని కొబ్బరి పీచుతో తోమాడు, సబ్బు ముట్టనివ్వలేదు. పిల్లులు, కాకులు రాకుండా పైన జాలీ, మధ్యాహ్నం ఎండకు తడి గోనెసంచి, ఒక ఎయిర్ పంపు. కామెట్‌ను సంచీలోనే కాసేపు గోలెం నీళ్లలో తేలనిచ్చి, కొద్దికొద్దిగా నీళ్లు కలిపి వదిలాం. అది ఒక్కసారి చుట్టూ తిరిగి అడుక్కు పోయింది. “బంగారుతీగ లెక్కనే ఉన్నదిరా” అన్నాడు బాపు. నిజమే, రెండిటిదీ ఒకే కుటుంబం.

అందరం సంతోషంగా ఉన్న ఆ రోజే, లోపలికి వచ్చాక, బిడ్డ ఆ మాట అన్నది.

సాయంత్రాలు మిద్దె మీద పిల్లలు తనతో “ఒక్కసారి గోళ్లు అను, కాళ్లు అను” అని పలికించి నవ్వేవాళ్లు. అన్న కొడుకూ ఆ నవ్వేవాళ్లలో ఉన్నాడు. మొదట తనూ నవ్వింది. తర్వాత పైకి పోవడం మానేసింది. నాతో చెప్పినప్పుడు, “సెలవుల ముచ్చటే కదా బిడ్డా, సర్దుకో, వాళ్లకు చెడు మనసు లేదు” అన్నాను. అదే నేను మిన్నెసోటాలో, స్కూల్ బస్సులో ఒక పిల్లవాడు సీటు మీద బ్యాగు పెట్టి తనను కూర్చోనివ్వడం లేదని తెలిసినప్పుడు స్కూలుకు ఉత్తరం మీద ఉత్తరం రాశాను. పిల్లలన్నాక అట్లాగే ఉంటారని అక్కడివాళ్లు అంటే ఒప్పుకోలేదు. సీటు మార్పించేదాకా వదల్లేదు.

ఈ తేడా ఎందుకో నాకు తెలుసు. అమ్మను, బాపును చూసుకుంటున్నది అన్నా వదినె. రాత్రి బాపుకు ఆయాసం వస్తే లేచేది అన్న. నేను అక్కడ ఫోన్‌లో విని, డబ్బులు పంపి, పొద్దున మళ్లీ అడుగుతాను. ఏడాదికొకసారి వచ్చి ఆ ఇంట్లో కూర్చొని, “నీ కొడుకు నా బిడ్డను వెక్కిరిస్తున్నాడు” అనడానికి నాకు నోరు రాదు. అనే హక్కు ఉందా అనిపిస్తుంది. ఆ మొహమాటం బరువు మోస్తున్నది మాత్రం నేను కాదు, నా బిడ్డ.

చేప విషయంలో నాకు తడబాటు లేదు. నీళ్లు చూడండి, జాగా చూడండి, వేగం కలవనివాటిని వేరు చేయండి అని ఎవరికైనా చెప్తాను. పిల్లల్ని అట్లా వేరు చేస్తే ఇక మేం ఊరికి రావడం ఎందుకు? ఆ మిద్దె మీదే తనకు తెలుగు రావాలి, ఆ పిల్లవాడే రేపు తనకు అన్న కావాలి. కానీ తరుముతున్నా కలిసే ఉండాలంటే మూర్‌కి పైపు వెనక సందే మిగులుతుంది. ఎంతవరకు ఓర్చుకొమ్మనాలి, ఎక్కడ నేను మధ్యలోకి రావాలి? అమెరికాలో ఉన్న మా స్నేహితులు కొందరు పిల్లల్ని ఊరికి తీసుకుపోవడమే మానేశారు. వాళ్లను తప్పనలేను, వాళ్లలా చేయనూ లేను.

తిరిగొచ్చాక అన్నాచెల్లెళ్లు ఫోన్లో చేపల గురించి మాట్లాడుకుంటున్నారు. కామెట్ ఒక్కటే ఉంటే దిగులు పడుతుంది, అదే కొలతున్న ఇంకో కామెట్ తేవాలని తను అంటుంది. తేవడం సరే, విడిగా ఉంచడానికి టబ్బు ఎవరిస్తరని వాడంటాడు. సక్కర్‌ను ఏం చేయాలో ఇంకా తేలలేదు, చెరువులో వెయ్యొద్దని మాత్రం వాడే వాళ్ల నాయనమ్మకు చెప్తున్నాడట. మాటల మధ్యలో వాడు ఒకటి రెండు సార్లు తన పలుకును సరిచేశాడు, నవ్వకుండా. ఇదంతా చూసి అంతా సర్దుకుందని నేను అనుకోవచ్చు. మా బిడ్డ మాత్రం వచ్చే జూన్‌కు ఒక షరతు పెట్టింది: మిద్దె మీదికి పోవాలో వద్దో తనే తేల్చుకుంటుంది, నేను సర్దుకొమ్మనొద్దు. ఒప్పుకున్నాను. మొన్న అమ్మ ఫోన్లో, “పిల్లలన్నంక గట్లనే ఉంటది కొడుకా, నువ్వు మనసుల పెట్టుకోకు” అంటే, అవునమ్మా అని కూడా అన్నాను. రెండు మాటలూ నేనే ఇచ్చాను. టికెట్లు కొనేలోపు అన్నతో మాట్లాడాలి. ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా తోచడం లేదు.