హాట్ సీట్‌లో తెలియని ప్రశ్న ఎదురైతే

'కౌన్ బనేగా కరోడ్‌పతి' (కేబీసీ) లాంటి టీవీ క్విజ్ ఆటలో పదో ప్రశ్న దాటి 3,20,000 రూపాయల దగ్గరున్న కంటెస్టెంట్, పదకొండో ప్రశ్నకు జవాబు తెలియక "ఇక్కడితో ఆపేస్తానండీ" అంటే స్టూడియోలో చప్పట్లు మోగుతాయి. ఇంట్లో చూసేవాళ్లు కూడా తెలివిగా తప్పుకున్నాడనే అనుకుంటారు. నిజానికి ఆ ఆటలో అంతకు మించిన పొరపాటు లేదు. 3,20,000 అనేది మజిలీ. పదకొండోది తప్పు చెప్పినా ఆ డబ్బు ఎక్కడికీ పోదు. కళ్లు మూసుకుని ఏదో ఒక ఆప్షన్ చెప్పినా నాలుగింట ఒక వంతు అవకాశం మీద 6,40,000 వస్తుంది. రాకపోతే పోయేది సున్నా.

ఈ తరహా ఆటకు వెళ్లాలనుకునేవారికి అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు అందరూ చదువుతారు. ఏ మెట్టు మీద తప్పు చెబితే ఎంత పోతుందో లెక్క కట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ. డబ్బు ఎక్కువగా చేజారేది అక్కడే.

ఈ ఆట 1998లో బ్రిటన్‌లో ఐటీవీ ఛానెల్లో పుట్టింది. 2000 జూలై 3న అమితాబ్ బచ్చన్‌తో స్టార్ ప్లస్‌కు వచ్చింది. తెలుగులో 2014లో మా టీవీలో నాగార్జున, 2017లో చిరంజీవి, 2021లో జెమినీలో జూనియర్ ఎన్టీఆర్ నడిపారు. నిబంధనలు సీజన్‌కీ సీజన్‌కీ మారుతుంటాయి. కోటి రూపాయల ఆటలో పదిహేను మెట్ల నిచ్చెన మాత్రం ఇది: 1,000, 2,000, 3,000, 5,000, 10,000, 20,000, 40,000, 80,000, 1,60,000, 3,20,000, 6,40,000, 12,50,000, 25,00,000, 50,00,000, కోటి. మజిలీలు రెండు, 10,000 దగ్గర ఒకటి, 3,20,000 దగ్గర ఒకటి. మీరు వెళ్లే సీజన్లో మెట్లు వేరైతే ఆ అంకెలు పెట్టుకుని కింది లెక్క మళ్లీ వేసుకోండి.

లెక్క చిన్నదే. ఇప్పుడు ఆపేస్తే చేతికొచ్చే డబ్బులోంచి, తప్పు చెబితే మిగిలే డబ్బు తీసేయండి. గెలిస్తే వచ్చే డబ్బులోంచి కూడా అదే తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, జవాబు మీద మీకు కనీసం ఎంత నమ్మకం ఉండాలో తేలుతుంది. పన్నెండో ప్రశ్న చూద్దాం. చేతిలో 6,40,000 ఉంది. తప్పయితే 3,20,000, ఒప్పయితే 12,50,000. అంటే 3.2 లక్షలను 9.3 లక్షలతో భాగించాలి, 34 శాతం వస్తుంది. నాలుగు ఆప్షన్లలో ఒక్కదాన్ని గట్టిగా కొట్టేయగలిగితే మిగిలిన మూడింటి మీద 33 శాతం, దాదాపు ఆ గీత మీదే ఉన్నట్టు. రెండు కొట్టేయగలిగితే ఆడాల్సిందే. పదమూడో ప్రశ్నకు 43 శాతం, పద్నాలుగుకి 47, పదిహేనుకి 48 కావాలి. ఇక ఆరో ప్రశ్న కూడా పదకొండో దానిలాగే ఉచితం, ఎందుకంటే 10,000 అప్పటికే భద్రం.

పదో ప్రశ్న దగ్గర ఇంకో మెలిక ఉంది. పైపైన లెక్కేస్తే 48 శాతం నమ్మకం కావాలి: ఆపేస్తే 1,60,000, తప్పయితే 10,000, ఒప్పయితే 3,20,000. కానీ పదోది దాటితే పదకొండోది ఊరికే ఆడే ఛాన్స్ కూడా వస్తుంది. నాలుగింట ఒక వంతు అవకాశంతో మరో 3,20,000 అంటే దాని విలువ 80,000. అది కలిపి చూస్తే పదో ప్రశ్నకు కావాల్సింది 38 శాతమే. రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడుతూ 1,60,000తో లేచి వచ్చేసేవాళ్లు ఈ సంగతి చూసుకోరు.

పై మెట్లకు వచ్చేసరికి నేను ఈ శాతాలను అంత గుడ్డిగా నమ్మమనను. 25 లక్షలు ఒక ఇంటి అప్పు మొత్తం తీర్చేస్తుంటే, యాభై యాభై అవకాశానికి దాన్ని పణంగా పెట్టడం లెక్క ప్రకారం సరైనదైనా ఆ ఇంటికి సరైనది కాకపోవచ్చు. అందుకే ఏ మొత్తం దగ్గర జాగ్రత్త పడాలో ఇంట్లోవాళ్లతో కూర్చుని ముందే అనుకోండి. లైట్ల కింద, గడియారం టిక్కుటిక్కుమంటుంటే తేలే విషయం కాదది.

లైఫ్‌లైన్ల పేర్లు మారుతుంటాయి కానీ మొదటి నుంచీ ఉన్నవి మూడు: ఫిఫ్టీ ఫిఫ్టీ (రెండు తప్పు ఆప్షన్లు తీసేస్తారు), ఆడియన్స్ పోల్ (స్టూడియోలో జనం ఓటేస్తారు), ఫోన్ ఎ ఫ్రెండ్ (తెలిసినవాళ్లకు ఫోన్ చేసి అడగొచ్చు). వీటిలో జనం సరిగ్గా చదవలేనిది ఆడియన్స్ పోల్. స్టూడియోలో వందమంది ఉన్నారనుకుందాం. ఇరవైమందికే జవాబు తెలుసు, మిగిలిన ఎనభైమంది తోచింది నొక్కారు. అప్పుడు సరైన దానికి 40, మిగతా మూడింటికి ఇరవయ్యేసి వస్తాయి. 40 చూసి "సగం కూడా లేదు కదా" అని భయపడతారు. కానీ 40, 20, 20, 20 అనే ఆకారం చాలా గట్టి సాక్ష్యం. భయపడాల్సింది 48, 43, 5, 4 లాంటి ఆకారం చూసి. అక్కడ జనం రెండుగా చీలారు, అంటే ఒక తప్పు జవాబు నిజంలా కనిపిస్తోందన్నమాట. ఫిఫ్టీ ఫిఫ్టీ మిగిలి ఉంటే వాడాల్సింది అప్పుడే. రెండిట్లో ఒకటి ఎగిరిపోతే జవాబు దొరికినట్టే. అందుకే రెండూ ఒకే ప్రశ్నకు వాడాల్సి వస్తే ముందు ఆడియన్స్, తర్వాత ఫిఫ్టీ ఫిఫ్టీ. తిరగేసి వాడితే ఏమీ తెలియనివాళ్ల ఓట్లు కూడా ఆ రెండిట్లోకే వచ్చి పడతాయి.

ఆడియన్స్‌ను అడగకూడని ప్రశ్నలు కూడా ఉన్నాయి. అందరూ తప్పుగా నమ్మే విషయంలో వందమందిని అడిగితే వందమందీ అదే తప్పు చెబుతారు. భారత జాతీయ క్రీడ హాకీ అని బళ్లో చదువుకున్నవాళ్లం అందరం ఉన్నాం. ప్రభుత్వం అధికారికంగా ఏ ఆటనూ అలా ప్రకటించలేదని క్రీడల శాఖ 2012లో ఒక ఆర్టీఐ అర్జీకి జవాబిచ్చింది. సినిమా, వంట, పండుగలు, క్రికెట్ అయితే జనాన్ని అడగండి. చట్టం, సైన్సు, తేదీల తేడాలు అయితే మానేయండి.

ఫోన్‌కు ఇచ్చేది 30 సెకన్లు. ఇక్కడ ఒక ప్రశ్నను దగ్గరగా చూద్దాం. "ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి ఎవరు?" ఏ: నీలం సంజీవరెడ్డి. బీ: బూర్గుల రామకృష్ణారావు. సీ: టంగుటూరి ప్రకాశం. డీ: బెజవాడ గోపాలరెడ్డి. నలుగురూ ముఖ్యమంత్రులే. నలుగురిలో ముగ్గురు ఏదో ఒక రాష్ట్రానికి తొలివారని చెప్పదగ్గవారే. 1953 అక్టోబర్ 1న ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రానికి ప్రకాశం, 1956 నవంబర్ 1న ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్‌కు సంజీవరెడ్డి, 1952 ఎన్నికల తర్వాత హైదరాబాద్ రాష్ట్రానికి బూర్గుల. గోపాలరెడ్డి ఆంధ్ర రాష్ట్రానికి రెండో ముఖ్యమంత్రి. ప్రశ్నలో ఒక్క మాట మారితే జవాబు మారిపోతుంది. కష్టమైన ప్రశ్నలను ఎక్కువగా ఇలాగే అల్లుతారు: తెలియని విషయం అడగరు, తెలిసిన విషయంలో ఒక మాట తిప్పుతారు.

ఈ ప్రశ్నతో ఫోన్ చేస్తే "హలో బాబాయ్, ఎలా ఉన్నావు, నేను హాట్ సీట్ మీద ఉన్నా" అనేసరికి ఐదు సెకన్లు పోతాయి. ప్రశ్న మొత్తం చదివితే ఇంకో పదో పన్నెండో. ఇలా అడగాలి: "బాబాయ్, ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ కాదు, 1953. తొలి ముఖ్యమంత్రి. సంజీవరెడ్డి, బూర్గుల, ప్రకాశం, గోపాలరెడ్డి." పది సెకన్లలో అయిపోతుంది. అవతలివాళ్లు చెప్పాల్సింది రెండే ముక్కలు, జవాబు, దాని మీద ఎంత శాతం నమ్మకం. "ప్రకాశం, తొంభై" అంటే చాలు. ఆ శాతాన్ని పైన చెప్పిన లెక్కలో పెట్టేయొచ్చు. ఇంట్లో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ఓ ఇరవైసార్లు ఇలా సాధన చేయండి. స్నేహితుల పేర్లు ఇచ్చేటప్పుడు అన్నీ తెలిసిన ఒక్కరికంటే సబ్జెక్టుకొకరు మేలు: పురాణాలు, సాహిత్యానికి ఒకరు, సైన్సుకు ఒకరు, క్రీడలకు ఒకరు. షూటింగ్ రోజు వాళ్లు కొత్త నంబర్ నుంచి వచ్చే కాల్ ఎత్తాలి, సిగ్నల్ బాగుండే చోట ఉండాలి. ఈ మాట ముందుగా చెప్పకపోతే రింగవుతూనే ఉంటుంది.

అసలు హాట్ సీట్ దాకా రావాలంటే ఫాస్టెస్ట్ ఫింగర్ ఫస్ట్ గెలవాలి. మామూలుగా పదిమంది ఉంటారు, నాలుగు ఆప్షన్లను అందరికంటే వేగంగా సరైన వరుసలో పెట్టాలి. నాలుగింటిని 24 రకాలుగా పేర్చవచ్చు. మొదటిదీ చివరిదీ పట్టుకుంటే మిగిలేవి రెండు రకాలే. "గోదావరి వెంట ఎగువ నుంచి దిగువకు" అని అడిగారనుకుందాం. ఏ: ధర్మపురి, బీ: రాజమహేంద్రవరం, సీ: బాసర, డీ: భద్రాచలం. బాసర పైన, రాజమహేంద్రవరం సముద్రానికి దగ్గర. మధ్యలో ధర్మపురి, భద్రాచలం. సీ, ఏ, డీ, బీ. ఆ నాలుగు అక్షరాలూ నోట్లో అనుకున్నాకే వేలు కదపాలి. ఒకటి నొక్కి ఆలోచించి రెండోది నొక్కేవాళ్లు తడబడి, చెరిపి, మళ్లీ నొక్కుతారు. "దిగువ నుంచి ఎగువకు" అని తిరగేసి అడిగినప్పుడు ఎక్కువమంది అలవాటు కొద్దీ నేరు వరుస నొక్కేస్తారు. నదుల మీది ప్రాజెక్టులు, ఉత్తర దక్షిణ క్రమంలో నగరాలు, ప్రధానమంత్రుల వరుస, గ్రహాల సైజులు, పురాణాల్లో సంఘటనల క్రమం ఇలా చీటీలు రాసుకుని నేరుగానూ తిరగేసీ పేర్చుతూ ఉంటే వేలికి వేగం వస్తుంది.

గడియారం గురించి ఒక మాట. కేబీసీలో చాలా సీజన్లు మొదటి ఐదు ప్రశ్నలకు 45 సెకన్లు, తర్వాతి ఐదింటికి 60 సెకన్లు ఇచ్చారు, ఆపైన సమయ పరిమితి లేదు. కాబట్టి తొందర మొదటి పదింటి వరకే. పదకొండు నుంచి నిదానంగా, ఆప్షన్లు ఒక్కొక్కటీ పైకే అనుకుంటూ కొట్టేయండి. లాక్ చేయమనే వరకు మాట మార్చుకోవచ్చు. హోస్ట్ ముఖంలో జవాబు వెతకడం మాత్రం మానుకోండి. సరైన జవాబుకీ తప్పు జవాబుకీ ఒకేలా "ఖాయమా?" అని అడగడం వాళ్ల పనిలో భాగం.

ఎంపిక దశలు తేలికైనవే కానీ ఓపిక కావాలి. టీవీలో అడిగిన ప్రశ్నకు యాప్‌లోనో ఎస్ఎంఎస్‌లోనో జవాబు పంపడం, సరైన జవాబుల్లోంచి కంప్యూటర్ తీసినవాళ్లకు ఫోన్ రావడం, ఆ తర్వాత జీకే పరీక్ష, వీడియో, ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూలో వాళ్లు చూసేది మార్కులు కాదు, కెమెరా ముందు మాట్లాడగలరా అని. మీ ఊరు, మీ పని, డబ్బు వస్తే ఏం చేస్తారు, ఈ మూడూ ఒక నిమిషంలో స్పష్టంగా చెప్పడం నేర్చుకోండి. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతాల్లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. సన్న గీతల, చిన్న గళ్ల చొక్కాలు కెమెరాలో అలల్లా కదులుతాయి, సాదా రంగులు తీసుకెళ్లండి. హారన్ మోగి మీ ఆట తర్వాతి ఎపిసోడ్‌కు వెళ్తే అవే బట్టల్లో మళ్లీ కూర్చోవాల్సి రావచ్చు. ఇంకొకటి, ఏ దశలోనూ డబ్బు కట్టమని అడగరు. "25 లక్షల లాటరీ తగిలింది, ముందు పన్ను పంపండి" అని వాట్సాప్‌లో వచ్చేవన్నీ మోసాలే.

గెలిచిన డబ్బు మీద పన్ను 30 శాతం. జీతంలాగా శ్లాబులు ఉండవు, వేరే ఆదాయమే లేకపోయినా మినహాయింపు లేదు, ఖర్చులు తీసుకోనివ్వరు. 3,20,000 గెలిస్తే పన్ను 96,000, దాని మీద 4 శాతం సెస్ 3,840, చేతికి మిగిలేది 2,20,160. కోటి గెలిస్తే 30 లక్షలు టీడీఎస్‌గా ముందే కోసుకుని 70 లక్షలు ఇస్తారు. అక్కడితో లెక్క తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మీద 10 శాతం సర్‌చార్జ్ పడుతుంది, అది 3 లక్షలు. 33 లక్షల మీద సెస్ 1,32,000. ఇంకో 4,32,000 మీరే కట్టాలి, నికరంగా మిగిలేది 65,68,000. జీతం, వడ్డీ లాంటివి కలిసి ఆదాయం కోటి దాటితే సర్‌చార్జ్ ఇంకా పెరుగుతుంది. డబ్బు ఖాతాలో పడగానే ఆ తేడాను పక్కన పెట్టి, అదే ఆర్థిక సంవత్సరం మార్చి 31లోగా అడ్వాన్స్ టాక్స్‌గా కట్టేయండి. టీడీఎస్ మీ పాన్ మీద చేరిందో లేదో 26ఏఎస్‌లో (మీ పేరున జమైన పన్నులు చూపే పట్టికలో) చూసుకున్నాకే రిటర్ను దాఖలు చేయండి.