లింక్డ్‌ఇన్‌లో ఏడు నెలలు: నా మొదటి ఉద్యోగం కథ

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి పరీక్ష రాసిన మర్నాడే లింక్డ్‌ఇన్ ఖాతా తెరిచాను. మా క్లాసులో చాలామందికి అంతకుముందే ఖాతాలున్నాయి కానీ ఎవరూ పెద్దగా వాడేవారు కాదు. నేను మాత్రం దాని మీదే ఆశ పెట్టుకున్నాను. మా ఇంట్లో గానీ బంధువుల్లో గానీ మందుల కంపెనీలో పనిచేసినవాళ్లు ఒక్కరూ లేరు. నా గురించి ఎవరికైనా ఒక మాట చెప్పగలిగే మనిషి లేనప్పుడు అలాంటి మనుషులు దొరికే చోటుకి నేనే వెళ్లాలి కదా అనుకున్నాను.

ఉద్యోగం రావడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి మూడు నెలలూ దాదాపు వృథా అయ్యాయి. అవి ఎందుకు వృథా అయ్యాయో ముందు చెప్తాను.

ఉద్యోగ ప్రకటన కింద ‘ఈజీ అప్లై’ అనే బటన్ ఉంటుంది. రెజ్యూమే ఒకసారి ఎక్కిస్తే చాలు, నిమిషంలో దరఖాస్తు పూర్తవుతుంది. రోజూ పొద్దున్నే కూర్చుని ఒకటో రెండో దరఖాస్తులు పంపేదాన్ని. ఒక నోట్‌బుక్‌లో తేదీ, పోస్టు పేరు రాసుకున్నాను. మూడు నెలలకి లెక్క చూస్తే 146 అయ్యాయి. జవాబులు నాలుగే వచ్చాయి. అందులో మూడు ‘మీ దరఖాస్తుకు ధన్యవాదాలు, ఈసారికి ముందుకు వెళ్లలేకపోతున్నాం’ అని యంత్రం పంపినవి. నాకు సులువైన బటన్ మిగతా అందరికీ సులువేనన్న సంగతి అప్పుడు తట్టలేదు. ప్రకటన పక్కన ‘100 మందికి పైగా దరఖాస్తు చేశారు’ అని కనిపిస్తున్నా నేనూ ఆ వరసలోకి వెళ్లి నిలబడేదాన్ని.

మరోపక్క కనెక్షన్ కోసం రిక్వెస్టులు పంపేదాన్ని. క్వాలిటీ కంట్రోల్ విభాగంలో మేనేజర్ అని కనిపిస్తే చాలు, ‘సర్, నేను ఫ్రెషర్‌ని, దయచేసి ఏదైనా ఉద్యోగం ఉంటే చెప్పండి’ అని రాసేదాన్ని. అలా అరవై మందికి పైగా రాశాను. కొందరు రిక్వెస్ట్ అంగీకరించారు గానీ ఒక్కరూ మాట కలపలేదు. రాత్రి పడుకునే ముందు ఫోన్ తీసి ఇన్‌బాక్స్ చూసుకోవడం, ఏమీ లేకపోతే టెన్షన్‌తో నిద్ర పట్టకపోవడం అలవాటైపోయింది.

మా కాలేజీ పేజీలో పూర్వ విద్యార్థుల ట్యాబ్ ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. అక్కడ చదువుకున్నవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ పని చేస్తున్నారు అన్నది వడపోసి చూసుకోవచ్చు. అలా చూస్తుంటే నాకన్నా రెండేళ్లు ముందు చదివిన ఒక అక్క కనిపించింది. కాలేజీలో ఒకటి రెండుసార్లు చూశాను తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. మెసేజ్ పెడితే ఆ సాయంత్రమే నంబర్ ఇచ్చి ఫోన్ చేయమంది. నేను పంపిన మెసేజ్‌లు చదివి వినిపించాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు.

“నువ్వు అడిగినదానికి వాళ్లేం చెప్పగలరు చెప్పు? ఉద్యోగం వాళ్ల చేతిలో ఉండదు. నువ్వెవరో వాళ్లకి తెలీదు. లేదని చెప్పడానికి మొహమాటపడి ఊరుకుంటారు. రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలిగేది ఏదైనా అడుగు. వాళ్లకి తెలిసింది అడుగు.”

ఆ మాట విన్నాక ముందు నా ప్రొఫైల్ మార్చాను. పేరు కింద ఉండే హెడ్‌లైన్‌కి 220 అక్షరాల దాకా చోటుంటుంది. నేను అక్కడ ‘ఉద్యోగం కోసం చూస్తున్న ఫ్రెషర్’ అని పెట్టుకున్నాను. రిక్రూటర్లు వెతికేటప్పుడు ఫ్రెషర్ అని కాదు, చేయగల పని పేరుతో వెతుకుతారని అక్క చెప్పింది. దాంతో ‘ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, హెచ్‌పిఎల్‌సి, యూవీ స్పెక్ట్రోఫోటోమెట్రీ, టైట్రేషన్’ అని, మందులను పరీక్షించే పద్ధతుల్లో నిజంగా చేతులతో చేసిన పనులే రాశాను. ఒక్కసారి చూసి వదిలేసిన పరికరాల పేర్లు తీసేశాను. ‘ఓపెన్ టు వర్క్’ అనే సౌకర్యాన్ని అందరికీ కనిపించేలా పెట్టుకోవచ్చు, రిక్రూటర్లకే కనిపించేలానూ పెట్టుకోవచ్చు. మొదట మొహమాటపడి రిక్రూటర్లకే పరిమితం చేశాను. తర్వాత ఫొటో చుట్టూ ఆకుపచ్చ చట్రం కనిపించేలా మార్చాను. చదువు పూర్తయి పని వెతుక్కోవడంలో దాచుకోవాల్సిందేమీ లేదు.

మెసేజ్‌లు కూడా మార్చాను. ఉచిత ఖాతా ఉన్నవాళ్లు నెలలో కొన్ని రిక్వెస్టులకు మాత్రమే నోట్ జత చేయగలరు, ఆ నోట్ కూడా చిన్నదే. కాబట్టి ఎవరికి రాయాలో ముందే ఆలోచించుకోవాల్సి వచ్చింది, ఒకరకంగా అదే మేలైంది. మందు ఎంతకాలం పాడవకుండా ఉంటుందో పరీక్షించే స్టెబిలిటీ విభాగంలోని ఒక మేడమ్‌కి రాసిన నోట్ ఇది: ‘నమస్తే మేడమ్. మీరు స్టెబిలిటీ విభాగంలో పనిచేస్తున్నారని చూశాను. కొత్తగా చేరినవాళ్లు అక్కడ మొదటి ఆరు నెలల్లో ఎక్కువగా ఎక్కడ పొరపాటు పడతారు? ముందే నేర్చుకుందామని అడుగుతున్నాను.’ రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఆమె నాలుగు పేరాలు రాశారు.

అలా ఇరవై రెండు మందికి రాస్తే తొమ్మిది మంది జవాబిచ్చారు. పుస్తకాల్లో దొరకని సంగతులు వాళ్ల దగ్గర తెలుసుకున్నాను. చూసిన రీడింగ్ చూసిన క్షణంలోనే రికార్డులో రాయాలి, చిత్తు కాగితం మీద రాసి తర్వాత ఎక్కిస్తానంటే కుదరదు అని ఒకరు చెప్పారు. ఫలితం నిర్దేశించిన హద్దులు దాటి వస్తే దాన్ని ఓఓఎస్ అంటారనీ, అలాంటప్పుడు గాభరాపడి శాంపిల్ మళ్లీ నడపకూడదనీ, ద్రావణాలు పారబోయకుండా అలాగే ఉంచి ముందు సూపర్‌వైజర్‌కి చెప్పాలనీ, ఆ తర్వాతే విచారణ మొదలవుతుందనీ ఇంకొకరు వివరంగా రాశారు. ఫ్రెషర్లను ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారని కూడా చెప్పారు.

ఇంత జరిగినా ఉద్యోగం మాత్రం దగ్గరికి రాలేదు. దారి మార్చింది నేను పెట్టిన ఒక పోస్టు.

నా ప్రాజెక్టు మెటోప్రొలాల్ అనే బీపీ మందు మీద. హెచ్‌పిఎల్‌సిలో దాని పరిమాణం కొలవాలి. ద్రావణాన్ని కాలమ్ అనే సన్నటి గొట్టం గుండా పంపి, అందులోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి అది. ఒక్కో పదార్థం బయటికి వచ్చినప్పుడు క్రోమటోగ్రామ్ అనే గ్రాఫ్‌లో ఒక పీక్, అంటే శిఖరంలాంటి గీత, కనిపిస్తుంది. చివరి దాకా నన్ను వేధించిన సమస్య ఒకటుంది: పీక్ సమంగా రాకుండా వెనకవైపు తోకలా సాగేది. దాన్ని టెయిలింగ్ అంటారు. కాలమ్ మార్చాను, ఫ్లో తగ్గించాను, ఇంజెక్ట్ చేసే పరిమాణం తగ్గించాను. గడువు అయిపోయి, సమస్య తీరకుండానే రిపోర్ట్ ఇచ్చేశాను. లింక్డ్‌ఇన్‌లో అందరూ సర్టిఫికెట్లు, బహుమతులు పెడుతుంటారు. నా దగ్గర అలాంటివి లేవు. అందుకే ఆ తోక ఉన్న క్రోమటోగ్రామ్ బొమ్మ పెట్టి, నేను చేసిన ప్రయత్నాలన్నీ వరసగా రాసి, ‘ఇది ఎందుకు తగ్గలేదో తెలుసుకోవాలని ఉంది’ అని రాశాను. బొమ్మ పెట్టడానికి మా గైడ్ అనుమతి తీసుకున్నాను. పోస్ట్ నొక్కేముందు చాలాసేపు చేయి ఆగింది. ఉద్యోగం వెతుక్కునే మనిషి తనకు చేతకానిదాన్ని అందరి ముందూ పెట్టుకుంటుందా అనిపించింది.

దాన్ని చూసినవాళ్లు తక్కువే. కానీ ఇరవై ఏళ్లుగా అనలిటికల్ రంగంలో ఉన్న ఒక సర్ కింద కామెంట్ రాశారు. “మీ మొబైల్ ఫేజ్ పీహెచ్ ఎంత?” అని మాత్రమే అడిగారు. మొబైల్ ఫేజ్ అంటే కాలమ్ గుండా పారే ద్రవం. 7 దగ్గర అన్నాను. అప్పుడు ఆయన కారణం వివరించారు. మెటోప్రొలాల్ క్షార స్వభావం ఉన్న అణువు. 7 దగ్గర దాని మీద ధనావేశం ఉంటుంది. కాలమ్‌లోని సిలికా మీద మిగిలిపోయిన సిలనాల్ గ్రూపులకి ఆ పీహెచ్ వద్ద రుణావేశం ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి కాబట్టి కొంత మందు వెనకబడి తోకలా వస్తుంది. పీహెచ్ 3 దగ్గరికి దించండి, లేదంటే కొంచెం ట్రైఇథైలమీన్ కలిపి చూడండి అన్నారు. పాఠంలో ఇది చదివాను. నా చేతిలోని సమస్య అదేనని మాత్రం అప్పుడు గుర్తుపట్టలేకపోయాను.

చాలామంది ఇక్కడ ‘థాంక్యూ సర్’ అని ఆగిపోతారు. అంతకుముందు తొమ్మిది మంది విషయంలో నేను చేసిందీ అదే. ఈసారి మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. మా గైడ్‌ని బతిమాలుకుని రెండు రోజులు ల్యాబ్ వాడుకోవడానికి ఒప్పించాను. మొబైల్ ఫేజ్ పీహెచ్ 3కి దించి నడిపాను. తోక ఎంత ఉందో చెప్పే టెయిలింగ్ ఫ్యాక్టర్ (పీక్ సమంగా ఉంటే 1) అంతకుముందు 2.4 ఉండేది, ఇప్పుడు 1.3కి వచ్చింది. రెండు క్రోమటోగ్రామ్‌లూ పక్కపక్కన పెట్టి, ఆ సర్ సలహా వల్లే ఇది తెలిసిందని రాసి మళ్లీ పోస్టు పెట్టాను.

ఆయన అప్పుడు మెసేజ్ చేశారు. “సలహా అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. చేసి చూసి వచ్చి చెప్పినవాళ్లు తక్కువ. మీ రెజ్యూమే పంపండి.”

ఆ మాట చదివాక నోట్‌బుక్ తీసి, అంతకుముందు జవాబిచ్చిన తొమ్మిది మందికీ వాళ్లు చెప్పినదాంట్లో నేను ఏం చేశానో రాసి పంపాను. సగం మంది వెంటనే స్పందించారు. ఒకరు నాకోసం ఫోన్‌లో నమూనా ఇంటర్వ్యూ చేశారు. నోట్‌బుక్‌లో ‘తిరిగి చెప్పానా?’ అనే గడిని మొదటి రోజు నుంచే గీసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మధ్యలో జరిగిన ఒక విషయం చెప్పకుండా ఉండలేను. రిక్రూటర్‌నని చెప్పుకున్న ఒక మనిషి, ఇంటర్వ్యూ లేకుండానే ఉద్యోగం ఖాయమైందనీ శిక్షణ రుసుము ముందే కట్టాలనీ రాశాడు. ఐదు నెలలు ఎదురుచూసిన మనిషికి ఆ మాట ఎంత తీయగా ఉంటుందో నాకు తెలుసు. అక్కకి చూపిస్తే, ఉద్యోగం ఇచ్చేవాళ్లు డబ్బు అడగరమ్మా అంది. వెంటనే ఆ ప్రొఫైల్‌ని రిపోర్ట్ చేశాను. ఇప్పుడు వెతుకుతున్నవాళ్లు దయచేసి జాగ్రత్తగా ఉండండి.

ఆ సర్ పనిచేసే చోట ఖాళీలు లేవు. ఆయన తన పాత సహోద్యోగి ఒకరికి నా రెండు పోస్టుల లింకులూ పంపారు. వాళ్ల ల్యాబ్‌లో ఒక ట్రైనీ అనలిస్ట్ పోస్టు ఖాళీ అయింది, ప్రకటన ఇంకా వేయలేదు. అంటే నేను 146 దరఖాస్తులు పంపిన చోట ఆ ఉద్యోగం అప్పటికి కనిపించే వీలే లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తర్వాత చదివాను. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో దీని మీద ఒక వ్యాసం రాశారు. తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన, ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచూ కలిసేవాళ్లమన్నది 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నది 55.6 శాతం, అరుదుగా అన్నది 27.8 శాతం. దగ్గరి స్నేహితులకు తెలిసినవి దాదాపు మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు దూరపు పరిచయాల నుంచే వస్తుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్డ్‌ఇన్ వాడే 2 కోట్ల మంది మీద దీన్ని పరీక్షించి, బొత్తిగా పలచనివి కాకుండా ఒక మోస్తరు పలచని పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ తోడ్పడ్డాయని తేల్చింది. నాకు ఇది చదువుతుంటే ఊరట కలిగింది. సిఫారసు చేసే బంధువు లేడని నేను పడిన దిగులు పూర్తిగా సరైనది కాదన్నమాట.

ఇంటర్వ్యూ నలభై నిమిషాలు సాగింది. అందులో ఇరవై నిమిషాలు ఆ టెయిలింగ్ మీదే అడిగారు. పీహెచ్ 3కి బదులు 2 కన్నా కిందికి దించితే ఏమవుతుందన్నారు. సిలికాకి అతుక్కుని ఉన్న పొర ఊడిపోయి కాలమ్ పాడవుతుందని చెప్పాను. ఓఓఎస్ ప్రశ్న కూడా వచ్చింది. ద్రావణాలు పారబోయను అని మొదలుపెట్టగానే ఎదురుగా ఉన్న మేడమ్ తలూపారు. వారం తర్వాత ఆఫర్ లెటర్ మెయిల్‌లో వచ్చింది. మొదట అక్కకి ఫోన్ చేశాను, తర్వాత ఆ సర్‌కి రాశాను.

చేరిన రోజు నింపమని ఒక ఫారం ఇచ్చారు. ఈ ఉద్యోగం గురించి ఎలా తెలిసింది అన్నచోట ‘రెఫరల్’ అని టిక్ పెట్టాను. దాని కింద, రెఫర్ చేసినవారితో మీ సంబంధం ఏమిటి అని ఒక గడి ఉంది. ఆయన నాకు బంధువు కాదు, మాస్టారు కాదు, స్నేహితుడూ కాదు. ఆయన్ని నేను అప్పటికి ఒక్కసారి కూడా చూడలేదు, గొంతు కూడా వినలేదు. పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి, ‘పరిచయం’ అని రాశాను.