బోరు నీళ్లల్ల సీసం కొలవబోయి నేను పడ్డ తిప్పలు

ఎట్టకేలకు రీడింగులు సెట్ అయినయ్, కోపం చల్లారకముందే రాస్తున్న. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే యాదికొస్తది, నేను మాత్రం ప్రాజెక్టుకు సీసం (లెడ్) తీసుకున్న. మునుగోడు, మర్రిగూడ దిక్కు బోర్ల కాడ శాంపిళ్లు పట్టుడు, నైట్రిక్ యాసిడ్ వేసుడు సాఫీగనే అయింది.

అసలు తిప్పలు గ్రాఫైట్ ఫర్నేస్ కాడ, అంటే శాంపిల్‌ను చిన్న గ్రాఫైట్ ట్యూబ్‌ల కాల్చి ఆవిరి చేసి లోహం ఎంతుందో కొలిచే మిషన్ కాడ. పైసలు కట్టి బయట ల్యాబ్‌ల చేయించినం. అక్కడి ఆపరేటర్ సార్‌కు ఏ శాంపిలొచ్చినా హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసుడే అలవాటు. అసలే మా బోరు నీళ్లు ఉప్పన, దానిమీద ఇంకింత క్లోరైడ్. రీడింగ్ చూస్తే దాదాపు సున్నా. "స్పైక్ వేసి చూద్దాం సార్" అన్న, అంటే తెలిసినంత సీసం మనమే కలిపి మిషన్ అంత చూపుతదా లేదా అని చూసుడు. జూనియర్ల ముందట, "నీళ్లల్ల సీసం లేకపోతే నేను తెచ్చి పెట్టాల్నా అమ్మా? మిషన్ అబద్ధం చెప్తదా?" అన్నడు. అందరు కిసుక్కున నవ్విన్రు. తలెత్తలేకపోయిన.

మిషన్‌కు కనపడేదే విడి పరమాణువులు. 283.3 నానోమీటర్ల కాంతిని పీల్చేది అవే. క్లోరైడ్ ఎక్కువుంటే సీసం లెడ్ క్లోరైడ్ అయితది, దానికి తొందరగ ఆవిరయ్యే గుణం, కొంత పైరాలిసిస్‌లనే (కొలిచే ముందు చెత్త పోయేటట్టు కాల్చే దశ) లేచిపోతది, ఇంకింత విడిపోకుండనే ట్యూబ్ దాటుతది. బ్యాక్‌గ్రౌండ్ కరెక్షన్ ఆన్‌ల ఉంది కదా అని సార్ వాదన. అది పొగ అడ్డుకునే కాంతిని లెక్కల నుంచి తీసేస్తది గానీ పోయిన సీసాన్ని వాపస్ తెస్తదా?

పట్టుబట్టి స్పైక్ వేయించిన. 20 పీపీబీ (లీటరుకు 20 మైక్రోగ్రాములు) కలిపితే 8 కూడా చూపలే! సార్ కాడ సప్పుడు లేదు, నవ్వినోళ్లు ఫోన్లల్ల తలలు పెట్టిన్రు. మళ్లా ఒక్క నైట్రిక్‌తోనే తయారు చేసి, అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, మెగ్నీషియం నైట్రేట్ కలిపినం. అవి సీసాన్ని 800 డిగ్రీల దాక పట్టి ఉంచుతయ్, ఆ లోపల మిగతా చెత్త చాలావరకు పోతది. స్పైక్ 19కి వచ్చింది.

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం తాగే నీళ్లల్ల సీసం 10 పీపీబీ దాటొద్దు. ఇట్ల సగం మింగే పద్ధతిల కొలిస్తే 15 ఉన్న బోరు గూడ పాసైతది! ఏ ల్యాబ్‌కు పోయినా ముందుగాల స్పైక్ రికవరీ ఎంతని అడగున్రి, నీళ్లు నమిలితే లేచి రాన్రి. రీ-రన్‌కు మా కాడ మళ్లా ఫుల్ ఫీజు గుంజిన్రు, రసీదు అడిగితే రేపు రమ్మన్నరు.