ప్రెషర్ ముల్లు సరిగ్గానే ఉంది, రేడియేటర్లు ఎందుకు వేడెక్కవు?

బ్రిటన్ ఇళ్లలో గ్యాస్ కాంబి బాయిలర్ (రేడియేటర్లకూ, ట్యాప్‌కూ ఒకటే పెట్టె నీళ్లు వేడిచేసేది) మొరాయిస్తే అందరూ ముందు చూసేది ప్రెషర్ ముల్లునే. అది 1కీ 1.5 బార్‌కీ మధ్య కనిపిస్తే నీళ్లున్నాయి కదా అనుకుని రీసెట్ బటన్ మీద పడతారు. కానీ నీళ్లు ఉండటం వేరు, తిరగడం వేరు. ముల్లు చెప్పేది మొదటి సంగతి మాత్రమే. పంప్ బిగుసుకుపోయినా, పైపులో గాలి పట్టినా, మడ్డి అడ్డుపడినా అది ఉన్నచోటే ఉంటుంది.

నీళ్లు కదలనప్పుడు బర్నర్ వెలిగితే, హీట్ ఎక్స్ఛేంజర్‌లో (మంట వేడిని నీళ్లకు ఎక్కించే భాగం) ఉన్న కాసిని నీళ్లు సెకన్లలో సలసలా కాగుతాయి. సెన్సర్ అది పసిగట్టి గ్యాస్ ఆపేస్తుంది. స్క్రీన్ మీద, బాయిలర్ కంపెనీని బట్టి, బాక్సీలో ఈ125, ఐడియల్ లాజిక్‌లో ఎల్1, వేలియంట్ ఎకోటెక్‌లో ఎఫ్75 లాంటి కోడ్ పడుతుంది. ఎఫ్75 అంటే పంప్ మొదలైనా ప్రెషర్‌లో తేడా కనబడలేదని. ఒక్కోసారి పంప్ బాగానే ఉండి సెన్సరే పోయి ఉంటుంది. బాయిలర్ చల్లారాక ఒక్కసారి రీసెట్ చేసి చూడొచ్చు. మళ్లీ అదే కోడ్ వస్తే వదిలేయండి. కారణం తీయకుండా పదేపదే నొక్కితే ప్రతిసారీ నిలవనీటిని మరగబెట్టినట్టే, దెబ్బ తినేది బాయిలర్‌లో ఖరీదైన భాగం.

గ్యాస్ వాసన వస్తే ఈ పరీక్షలేవీ వద్దు. స్విచ్‌లు ముట్టుకోకుండా మీటర్ దగ్గరి పిడిని పైపుకు అడ్డంగా తిప్పి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైనా అంతే.

అవేవీ లేకపోతే ముందు వేడినీళ్ల ట్యాప్ తిప్పండి. ఖర్చు లేని పరీక్ష, చాలామంది చేయనిది. చాలా కాంబి బాయిలర్లలో ట్యాప్ నీళ్లు వేడెక్కాలన్నా లోపలి పంప్ తిరగాల్సిందే. కాబట్టి ట్యాప్‌లో నిలకడగా వేడినీళ్లు వస్తూ రేడియేటర్లు మాత్రం చల్లగా ఉంటే గ్యాస్, బర్నర్, పంప్ దాదాపు బాగున్నట్టే. అనుమానం డైవర్టర్ వాల్వ్ (వేడిని ట్యాప్ వైపో, రేడియేటర్ల వైపో మళ్లించేది) మీదికీ, రేడియేటర్ల వైపు పైపుల మీదికీ పోతుంది. హీటింగ్ ఆపి ఉన్నా ట్యాప్ తిప్పినప్పుడల్లా రేడియేటర్లు వేడెక్కుతుంటే డైవర్టర్ వాల్వ్ మధ్యలో ఇరుక్కున్నట్టే. ట్యాప్‌లోనూ కాసేపు వేడిగా, వెంటనే చల్లగా వస్తుంటే పంపో, ట్యాప్ నీళ్లను వేడిచేసే ప్లేట్ ఎక్స్ఛేంజరో కారణం.

తర్వాత హీటింగ్ వేసి బాయిలర్ కింది పైపులు చూడండి. అంచుల్లో ఉండే లావుపాటివి, మామూలుగా 22 మి.మీ.వి, ఫ్లో (వేడినీళ్లు రేడియేటర్లకు పోయేది), రిటర్న్ (చల్లారి తిరిగొచ్చేది). మీ మోడల్‌లో ఏది ఎక్కడో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. ఫ్లో పైపు 70 డిగ్రీలు దాటి ఉండొచ్చు, గట్టిగా పట్టుకోవద్దు, వేలు అలా తాకించి తీసేయండి. ఫ్లో నిమిషంలోపే కాలిపోతూ, రిటర్న్ చల్లగా ఉండిపోయి, బాయిలర్ ఆగిపోతే నీళ్లు తిరగడం లేదన్నమాట.

ఇక రేడియేటర్లు. పైన చల్లగా, కింద వేడిగా ఉంటే గాలి. కింద మధ్యలో చల్లగా, పైన వేడిగా ఉంటే మడ్డి. ఒక్కటే చల్లగా ఉంటే దాని థర్మోస్టాటిక్ వాల్వ్ (గది వేడిని బట్టి నీళ్లు వదిలేది) చూడాలి. తలను చేత్తో విప్పితే మధ్యలో సన్నటి పిన్ కనబడుతుంది. వేలితో నొక్కి వదిలితే అది మూడు నాలుగు మిల్లీమీటర్లు పైకి లేవాలి. వేసవంతా మూసి ఉంచిన గదుల్లో అది కిందే అతుక్కుపోతుంది. చదునైన దేనితోనైనా నొక్కుతూ వదులుతూ ఉంటే చాలాసార్లు లేస్తుంది. కటింగ్ ప్లేయర్‌తో పట్టి పైకి లాగితే మాత్రం పిన్ ఊడి నీళ్లు చిమ్ముతాయి.

గాలి తీయడానికి హీటింగ్ ఆపి, అరగంట, గంట చల్లారనివ్వండి. పంప్ తిరుగుతుండగా తీస్తే కొన్నిచోట్ల గాలి బయటికి పోయే బదులు లోపలికి లాగుతుంది. కింది అంతస్తుతో మొదలుపెట్టి, రేడియేటర్ పై అంచున ఉండే గాలి స్క్రూలో కీ పెట్టి ఎడమవైపు పావు తిప్పు తిప్పండి, అర తిప్పు దాటొద్దు. బుస్సుమనే చప్పుడు ఆగి నీళ్లు రాగానే బిగించేయండి. కింద పాత గుడ్డ తప్పనిసరి. నల్లటి నీళ్లు కార్పెట్ మీద పడితే మరక వదలదు.

గాలి పోయాక ప్రెషర్ తగ్గుతుంది. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడే ఫిల్లింగ్ లూప్ (హీటింగ్‌లోకి కొత్త నీళ్లు ఎక్కించే గొట్టం) వాల్వులు రెండూ మెల్లగా తెరిచి, 1.2 దగ్గరికి రాగానే రెండూ గట్టిగా మూసేయండి. మరిచిపోతే ప్రెషర్ 3 బార్‌కు చేరి సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటుంది. ఒకసారి తెరుచుకున్న వాల్వ్ మళ్లీ సరిగ్గా కూర్చోకుండా బయటి గోడలోని రాగి పైపు గుండా కారుతూనే ఉండొచ్చు.

అసలు పేచీ ఇక్కడుంది. వారం వారం ప్రెషర్ నింపుతున్నారంటే ఎక్కడో నీరు పోతోంది, లేదా ఎక్స్‌పాన్షన్ వెసల్‌లో (వేడికి నీళ్లు ఉబ్బినప్పుడు చోటిచ్చే గాలి డబ్బా) గాలి తగ్గింది. నింపిన ప్రతిసారీ కొత్త నీటితోపాటు కొత్త ఆక్సిజన్ లోపలికి పోతుంది. ఉక్కు రేడియేటర్లు తుప్పు పడతాయి, ఆ తుప్పు నల్లటి బురదై పంప్‌నూ ప్లేట్ ఎక్స్ఛేంజర్‌నూ మూసేస్తుంది. అంటే నీళ్లు తిరగడం లేదని నింపుతూ పోతే, తిరగకుండా చేసే మడ్డినే పోగేస్తున్నాం. 8, 10 మి.మీ. సన్న పైపులు వేసిన ఇళ్లలో ఇది మరీ తొందరగా జరుగుతుంది.

వేడినీళ్ల సిలిండర్ ఉన్న పాత ఇళ్లలో పంప్ బాయిలర్ బయట, ఎక్కువగా ఎయిరింగ్ కబ్బర్డ్‌లో (సిలిండర్ ఉండే అలమర) ఉంటుంది. పక్కనే నీళ్లను తెరిచి మూసే మోటరైజ్డ్ వాల్వ్. హీటింగ్ అడుగుతున్నప్పుడు రెండు పోర్టుల వాల్వ్ మీది చిన్న లీవర్ వదులుగా ఆడితే వాల్వ్ తెరుచుకుంది. స్ప్రింగ్ పట్టు తగిలితే తెరుచుకోలేదు. అటకమీది చిన్న ట్యాంక్‌లో ఫ్లోట్ ఇరుక్కుని నీళ్లు అయిపోయినా పైపుల్లోకి గాలి చేరుతుంది, అదీ చూడండి.

బాయిలర్ మూత జోలికి మాత్రం పోవద్దు. చాలా మోడళ్లలో ఆ మూతే పొగను లోపల ఆపే సీల్‌లో భాగం. గ్యాస్ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లే చేయాలి. 2009 ఏప్రిల్ 1న కోర్గీ అనే పాత రిజిస్టర్ స్థానంలో వచ్చింది ఇది. వచ్చినవాళ్ల కార్డు వెనక్కి తిప్పి చూడండి, ఏయే పనులకు అర్హత ఉందో అక్కడే రాసి ఉంటుంది. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇల్లయితే హీటింగ్ బాగుచేయించే బాధ్యత 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం యజమానిదే. కోడ్ ఫోటో, ముల్లు ఫోటో తీసి, ట్యాప్ పరీక్షలో ఏం తేలిందో రాసి పంపండి.

రిపేరుకు నీళ్లు ఖాళీ చేసి ఉంటే, ఇన్హిబిటర్ (తుప్పు పట్టకుండా నీళ్లలో కలిపే ద్రవం) మళ్లీ పోశారా అని అడిగాకే పంపించండి. సెంటినల్ ఎక్స్100 అయితే 100 లీటర్ల నీటికి 1 లీటర్ పోయాలి. తుప్పును పట్టి ఉంచే మాగ్నెటిక్ ఫిల్టర్ ఉంటే మీ ముందే తెరిచి కడగమనండి. ఎంత నల్లగా ఉందో చూస్తే ఫ్లష్ (పైపులు, రేడియేటర్లు లోపల కడగడం) అవసరమో కాదో మీకే తెలుస్తుంది.